శ్రుతి సవరణ (సంగీత సాంకేతికత)

శ్రుతి సవరణ అనగా గాయకుడు పాడిన స్వరాలను యంత్రం సహాయంతో ఉద్దేశించిన స్వరస్థానాలకు జరిపే ప్రక్రియ. పాటలో ఒక స్వరం కొద్దిగా తగ్గినా, హెచ్చినా, మళ్ళీ పాడించకుండానే ఆ తేడాను సరిచేయడానికి దీనిని వాడతారు. 1997లో అమెరికాలో విడుదలైన ఆటో-ట్యూన్ అనే సాఫ్ట్‌వేరు వలన ఈ ప్రక్రియ ప్రపంచమంతటా వ్యాపించింది. ఒక సంస్థ అమ్మే సరుకుకు పెట్టిన ఈ పేరు కాలక్రమేణా ప్రక్రియకంతటికీ వాడుక పేరుగా స్థిరపడింది.

ఈ సాధనానికి రెండు విధాల ఉపయోగాలున్నాయి. మొదటిది, వినేవారికి తెలియకుండా చిన్న చిన్న లోపాలను దిద్దడం. రెండవది, సవరణను కావాలనే అతిగా చేసి, గొంతు యంత్రం పలికినట్లు వినిపించేలా చేయడం. మొదటిది దాగి ఉండే పని, రెండవది అందరికీ వినిపించే అలంకారం.

తెలుగు సినిమా పాటలకు, జానపద గీతాల వీడియోలకు, ఇంట్లో పాడుకునేవారి మొబైల్ ఫోన్లకు కూడా నేడు ఈ సాధనం చేరింది. అయితే గమకం ప్రాణంగా ఉన్న సంగీతంలో "సరైన స్వరం" అంటే ఏది, దానిని ఎవరు నిర్ణయించాలి అనే ప్రశ్న దీనితోపాటే వచ్చింది. తెలుగువారికి ఈ ప్రశ్న పూర్తిగా కొత్తది కాదు. నాటకరంగంలో, రేడియోలో హార్మోనియం విషయంలో ఇటువంటి వివాదమే ఇంతకు పూర్వం నడిచింది.

పరిభాష

ధ్వని ఒక సెకనులో ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దీనిని హెర్ట్జులలో కొలుస్తారు. పౌనఃపున్యం పెరిగినకొద్దీ స్వరం హెచ్చుగా వినిపిస్తుంది. ఈ హెచ్చుతగ్గులనే ఆంగ్లంలో పిచ్ అంటారు.

తెలుగులో "శ్రుతి" అనే మాటకు ఒకటికంటే ఎక్కువ అర్థాలున్నాయి.

* గాయకుడు ఆధారంగా తీసుకునే షడ్జం. "ఒకటో శ్రుతి", "ఐదున్నర శ్రుతి" అన్నప్పుడు ఉన్నది ఈ అర్థమే. హార్మోనియంపై ఒకటో శ్రుతి అంటే పాశ్చాత్యులు సి అని పిలిచే మెట్టు.
* ఒక స్థాయిలో శాస్త్రకారులు చెప్పిన 22 సూక్ష్మ విభాగాలలో ఒకటి.
* పాట ఆధార స్వరంతో కలిసి ఉండడం. "శ్రుతి కలిసింది", "శ్రుతి తప్పింది" అనే మాటలు ఈ అర్థంలోనివి.

ఈ వ్యాసంలో శ్రుతి అనే పదాన్ని ప్రధానంగా మూడవ అర్థంలో వాడడం జరిగింది.

స్వరాల మధ్య దూరాన్ని కొలవడానికి "సెంటు" అనే ప్రమాణం ఉంది. షడ్జం నుండి పై షడ్జం వరకు 1200 సెంట్లు. పియానో, హార్మోనియం వంటి వాద్యాలలో ఈ దూరాన్ని 12 సమాన భాగాలు చేస్తారు. అంటే పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. దీనిని సమ విభజన పద్ధతి అనవచ్చును.

పనిచేసే విధానం

శ్రుతి సవరణ సాఫ్ట్‌వేరు స్థూలంగా నాలుగు దశల్లో పనిచేస్తుంది.

1. గుర్తింపు: గొంతు నుండి వచ్చే ధ్వని తరంగం కొంత వ్యవధికొకసారి అదే ఆకారంలో పునరావృతమవుతుంది. తరంగాన్ని దానితోనే కొంచెం జరిపి పోల్చి చూసి, ఆ వ్యవధిని సాఫ్ట్‌వేరు లెక్కకడుతుంది. దాని నుండి ఆ క్షణంలో పలికిన స్వరం తెలుస్తుంది.
2. పోలిక: పలికిన స్వరాన్ని ముందుగా ఎంపిక చేసిన స్వరాల పట్టికతో పోల్చి, అన్నిటికంటే దగ్గరగా ఉన్న స్వరస్థానాన్ని ఎన్నుకుంటుంది.
3. జరపడం: పలికిన స్వరాన్ని ఆ స్థానానికి పైకో కిందికో జరుపుతుంది.
4. వేగం: ఈ జరపడం ఎంత త్వరగా జరగాలో రికార్డిస్టు నిర్ణయిస్తాడు. ఈ వేగాన్ని మిల్లీ సెకన్లలో సూచిస్తారు.

నాలుగవ దశ చాలా ముఖ్యమైనది. మనిషి గొంతు ఒక స్వరం నుండి మరో స్వరానికి సాధారణంగా జారుతూ వెళుతుంది. ఒకే స్వరంపై నిలిచినప్పుడు కూడా సన్నగా కదులుతూనే ఉంటుంది. సవరణ నిదానంగా జరిగితే ఈ సహజ చలనం చాలావరకు మిగులుతుంది. వ్యవధిని సున్నాకు తెస్తే గొంతు ఒక మెట్టు నుండి మరో మెట్టుకు ఒక్కసారిగా దూకుతుంది. యంత్రం పాడినట్లు వినిపించే ప్రభావానికి కారణం ఇదే.

పాత టేపురికార్డర్లలో టేపు వేగం పెంచితే స్వరం హెచ్చేది. కానీ దానితోపాటు పాట నడక మారేది, గొంతు కూడా చిన్నపిల్లల గొంతులా మారిపోయేది. గొంతు, నోరు, ముక్కులలోని ఖాళీల వలన కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి. ఒక మనిషి గొంతును మరొకరి గొంతు నుండి వేరుగా గుర్తుపట్టడానికి ఇవి చాలావరకు కారణం. ఆధునిక సాఫ్ట్‌వేర్లు పాట నడకను, ఈ లక్షణాలను సాధ్యమైనంతవరకు కదపకుండా స్వరాన్ని మాత్రమే జరుపుతాయి.

స్వయంచాలక పద్ధతి కాక, చేతితో దిద్దే పద్ధతి కూడా ఉంది. ఇందులో పాడిన స్వరాలన్నీ కంప్యూటరు తెరపై గీతలుగానో, ముద్దలుగానో కనిపిస్తాయి. రికార్డిస్టు తనకు కావలసిన స్వరాన్ని మాత్రమే పట్టుకొని పైకో కిందికో జరుపుతాడు. మిగిలినవాటిని వదిలివేయవచ్చును.

చరిత్ర

ముందు తరం సాధనాలు

గొంతును యంత్రంతో మార్చే ప్రయత్నాలు కంప్యూటరు కంటే పాతవి. 1930లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హోమర్ డడ్లీ వోకోడర్ అనే సాధనాన్ని రూపొందించాడు. టెలిఫోను ద్వారా మాటను పొదుపుగా పంపడం దాని మొదటి ఉద్దేశం. తరువాతి కాలంలో సంగీతజ్ఞులు దానిని యంత్రపు గొంతు కోసం వాడుకున్నారు. 1970ల మధ్యలో ఈవెంటైడ్ సంస్థ తెచ్చిన హార్మొనైజర్ పాట వేగం మారకుండా స్వరాన్ని మార్చగలిగింది. అయితే తప్పు పలికిన స్వరాన్ని తనంతట తాను గుర్తించి దిద్దగల శక్తి దానికి లేదు.

ఆటో-ట్యూన్

ఆటో-ట్యూన్‌ను రూపొందించిన ఆండీ హిల్డెబ్రాండ్ మొదట చమురు అన్వేషణ రంగంలో పనిచేసిన ఇంజనీరు. భూమిలోనికి ధ్వని తరంగాలను పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనులను విశ్లేషించి చమురు నిల్వలను కనుగొనే గణిత పద్ధతులలో ఆయన నిపుణుడు. 1989లో ఆ రంగాన్ని వదిలి, రైస్ విశ్వవిద్యాలయంలో సంగీత రచన చదువుకున్నాడు. భూగర్భ ప్రతిధ్వనులకు వాడిన విశ్లేషణ పద్ధతులు మనిషి గొంతులోని స్వరాన్ని కనుగొనడానికీ పనికివస్తాయని గ్రహించి, 1997లో ఆటో-ట్యూన్‌ను విడుదల చేశాడు.

1998 అక్టోబరులో అమెరికన్ గాయని షేర్ పాడిన "బిలీవ్" పాట విడుదలైంది. అందులో గొంతు మెట్లు మెట్లుగా దూకే ప్రభావాన్ని శ్రోతలు మొదటిసారి పెద్ద ఎత్తున విన్నారు. ఆ పాట నిర్మాతలు తమ రహస్యం బయటపడకుండా, అది వోకోడర్ తరహా సాధనంతో చేసినదని మొదట చెప్పారు. కొంతకాలానికి అది ఆటో-ట్యూన్ అని తెలిసింది.

తరువాతి దశలు

2001లో జర్మనీకి చెందిన సెలెమొనీ సంస్థ మెలొడైన్ అనే సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టింది. దీని రూపకర్త పీటర్ నాయ్‌బెకర్. స్వరాలను తెరపై చూస్తూ చేతితో దిద్దే పద్ధతి దీనివలన బాగా ప్రచారంలోకి వచ్చింది. 2009 నాటికి ఒకేసారి మ్రోగిన అనేక స్వరాలలో ఒక్కదానిని వేరుచేసి దిద్దే సౌకర్యం కూడా ఇందులో చేరింది.

2005 నుండి అమెరికన్ గాయకుడు టి-పెయిన్ తన పాటలలో ఈ యంత్రపు గొంతును తన ముద్రగా వాడుకున్నాడు. 2008లో కాన్యే వెస్ట్ ఒక పూర్తి ఆల్బంను ఈ పద్ధతిలోనే పాడాడు. దీనికి ప్రతిచర్యగా 2009లో జే-జీ ఆటో-ట్యూన్‌కు చావు ప్రకటిస్తూ ఒక పాట విడుదల చేశాడు. 2010లో టైమ్ పత్రిక ప్రకటించిన 50 చెత్త ఆవిష్కరణల జాబితాలో ఆటో-ట్యూన్‌కు చోటు దక్కింది. అయినా వాడకం తగ్గలేదు.

తెలుగు పాటలో శ్రుతి, యంత్రం

రంగస్థలం

మైకులు లేని రోజుల్లో తెలుగు పద్యనాటకం పూర్తిగా నటుని గొంతుపై ఆధారపడి ఉండేది. ఆఖరి వరుసలో కూర్చున్న ప్రేక్షకునికి వినబడాలంటే హెచ్చు శ్రుతిలో పాడవలసి వచ్చేది. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని మైలవరం (2022 నుండి ఎన్టీఆర్ జిల్లా) జమీందారుల పోషణలో 20వ శతాబ్దం తొలి దశకాలలో నడిచిన మైలవరం నాటక సమాజం ఈ సంప్రదాయంలో పేరుపొందింది. బెజవాడ కేంద్రంగా ప్రదర్శనలిచ్చిన ఈ సమాజంలో యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకులు రాణించారు. నచ్చిన పద్యానికి ప్రేక్షకులు "ఒన్స్‌మోర్" కొట్టడం, నటుడు అదే పద్యాన్ని మళ్ళీ పాడడం ఆనాటి ఆనవాయితీ. శ్రుతి తప్పితే దిద్దుకునే అవకాశం లేదు. విన్నవారు అప్పటికప్పుడే తీర్పు చెప్పేవారు.

ఈ నాటకాలకు శ్రుతినిచ్చే వాద్యం హార్మోనియం. ఐరోపా నుండి వచ్చి, నేలపై కూర్చుని వాయించడానికి వీలుగా మన దేశంలో రూపు మార్చుకున్న వాద్యమిది. దీనికి 12 స్థిరమైన మెట్లే ఉంటాయి. మెట్టుకూ మెట్టుకూ నడుమ జారే వీలు లేదు. పద్యం చివర నటుడు తీసే రాగాలాపన మాత్రం ఆ మెట్ల నడుమనే తిరుగుతుంది. హార్మోనిస్టు దగ్గరి స్వరాలను త్వరత్వరగా పలికిస్తూ ఆ జారుడును సూచనగా చూపేవాడు. గొంతు ముందు నడిచేది, వాద్యం వెనుక అనుసరించేది.

సినిమా

1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో నటీనటులు చాలావరకు సురభి నాటక సమాజానికి చెందినవారు. వారు షూటింగు సమయంలోనే పాటలు పాడారు. తరువాత నేపథ్య గానం వచ్చింది. తహసీల్దార్ (1944) చిత్రంలో పాడిన ఎం.ఎస్.రామారావును తెలుగులో తొలి నేపథ్య గాయకునిగా సాధారణంగా పేర్కొంటారు.

ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) పాడిన కాలంలో గాయకుడు, వాద్యబృందం ఒకేచోట చేరి, పాటను మొదటినుండి చివరి వరకు ఒకే ఊపులో రికార్డు చేయడం పద్ధతి. చరణంలో ఒక వయొలిన్ తప్పినా, గాయకుడు ఒక స్వరం జారినా అందరూ మళ్ళీ పల్లవి నుండి మొదలుపెట్టవలసిందే. అందువలన రిహార్సల్సుకు చాలా ప్రాధాన్యం ఉండేది. 1980లో విడుదలైన శంకరాభరణం పాటలు దీనికి మంచి ఉదాహరణ. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ సహాయకుడైన పుహళేంది వద్ద ఆ పాటలను సాధన చేసి పాడాడు. ఆ చిత్రానికి ఆయనకు ఉత్తమ నేపథ్య గాయకునిగా జాతీయ పురస్కారం లభించింది.

అనేక ట్రాకుల రికార్డింగు వచ్చాక వాద్యాలను, గొంతును వేర్వేరుగా రికార్డు చేయడం సాధ్యమైంది. తప్పిన ముక్కను మాత్రమే మళ్ళీ పాడితే సరిపోయేది. యుగళగీతం పాడే ఇద్దరూ ఒకచోట ఉండవలసిన అవసరం కూడా తప్పింది. 1992లో రోజా చిత్రంతో సినీరంగంలోకి వచ్చిన ఎ.ఆర్.రెహమాన్ తన సొంత స్టూడియోలో, గాయకులచేత ఒకే భాగాన్ని పలు విధాలుగా పాడించుకొని, వాటిలో నచ్చినవి ఎంచి కూర్చే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. కంప్యూటరు స్టూడియోలోకి వచ్చిన తరువాత, శ్రుతి సవరణ కూడా పాట తుదిమెరుగులలో ఒక మామూలు మెట్టుగా చేరింది.

పాటకు సాహిత్యం ఎవరిది, సంగీతం ఎవరిది అని ఆల్బంపై రాస్తారు. గొంతుకు ఎంత సవరణ జరిగిందో రాసే ఆనవాయితీ మాత్రం లేదు. కాబట్టి వినిపించని సవరణ ఏ పాటలో ఎంత ఉన్నదో శ్రోత చెప్పలేడు. నృత్య గీతాలలోను, జానపద బాణీలతో వచ్చే వీడియో పాటలలోను యంత్రపు గొంతు ప్రభావం మాత్రం స్పష్టంగా వినవచ్చును.

గమకంతో చిక్కు

కర్ణాటక సంగీతంలో స్వరం అంటే ఒక బిందువు కాదు. అది ఒక కదలిక. స్వరాన్ని కంపింపజేయడం, పక్క స్వరం నుండి జార్చడం, తాకి వదలడం మొదలైన వాటన్నిటినీ కలిపి గమకాలు అంటారు. రెండు రాగాలలో ఒకే స్వరస్థానాలున్నా, గమకాల తేడా వలన రాగస్వరూపాలు వేరుగా వినిపిస్తాయి.

తోడి రాగంలోని గాంధారం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కాగితంపై అది సాధారణ గాంధారం. పాడినప్పుడు మాత్రం అది ఒకచోట నిలవదు. రిషభం వైపుకు, మధ్యమం వైపుకు ఊగుతూ ఉంటుంది. ఈ ఊగులాటను వేగంగా పనిచేసే సవరణ గుండా పంపితే, యంత్రం ప్రతి క్షణంలోను దగ్గరి మెట్టు కోసం వెదుకుతుంది. ఫలితంగా ఊయలలాంటి కదలిక మెట్లమెట్లుగా విరిగిపోతుంది. యంత్రం దృష్టిలో అది దిద్దుబాటు. రాగం దృష్టిలో అది నష్టం.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి రచించిన నోట్టు స్వర సాహిత్యాలను గమకాలు లేకుండా పాడతారు. ఇటువంటి రచనలకు సవరణ వలన కలిగే మార్పు చాలా తక్కువ. కాబట్టి చిక్కు యంత్రంలోనే కాక, ఏ సంగీతానికి దానిని వాడుతున్నామనే దానిలో కూడా ఉంది.

గమకం లేకుండా నిలిచిన స్వరం విషయంలో కూడా ఒక సూక్ష్మమైన తేడా ఉంది. తంబురా నాదంతో కలిపి పాడేవారి అంతర గాంధారం షడ్జానికి 5/4 నిష్పత్తిలో నిలవడానికి మొగ్గుతుంది. హార్మోనియం గాంధారం సమ విభజనను అనుసరిస్తుంది. ఒకటో శ్రుతిలో మధ్య షడ్జం సుమారు 261.6 హెర్ట్జులు అనుకుంటే ఈ తేడా ఇలా ఉంటుంది.

* అంతర గాంధారం: 5/4 నిష్పత్తిలో 327.0 హెర్ట్జులు (386 సెంట్లు). సమ విభజనలో 329.6 హెర్ట్జులు (400 సెంట్లు).
* పంచమం: 3/2 నిష్పత్తిలో 392.4 హెర్ట్జులు (702 సెంట్లు). సమ విభజనలో 392.0 హెర్ట్జులు (700 సెంట్లు).

పంచమంలో తేడా దాదాపు వినిపించదు. గాంధారంలో 14 సెంట్ల తేడా ఉంది. తంబురాతో చక్కగా కలిసిన గాంధారాన్ని, సమ విభజన పట్టికతో నడిచే సాఫ్ట్‌వేరు "తగ్గింది" అని భావించి పైకి జరుపుతుంది. స్వరస్థానాలను మార్చుకునే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉన్నది. అయితే అందుకు రాగజ్ఞానమున్న మనిషి పక్కన కూర్చోవాలి.

అన్నిచోట్లా ఈ తాకిడి నష్టంగానే పరిణమించలేదు. 2000 ప్రాంతం నుండి అల్జీరియా, మొరాకో దేశాలలోని గాయకులు తమ సాగదీసే గానరీతిని బలమైన సవరణతో కలిపి ఒక కొత్త ధ్వనిని తయారుచేసుకున్నారు. అక్కడి శ్రోతలు దానిని లోపం దాచే ఉపాయంగా కాక ఒక అలంకారంగా స్వీకరించారు.

హార్మోనియం వివాదంతో పోలిక

స్థిరమైన 12 మెట్ల యంత్రం మన సంగీతానికి తగునా అనే చర్చ ఆటో-ట్యూన్‌తో మొదలుకాలేదు. గమకాలను పలికించలేదని, దాని స్వరస్థానాలు మన స్వరాలకు సరిపోవని హార్మోనియంపై విమర్శలు వచ్చాయి. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా దానిని వ్యతిరేకించాడు. ఆకాశవాణి 1940 మార్చి 1 నుండి తన కార్యక్రమాలలో హార్మోనియంను నిషేధించింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైనప్పుడు కూడా ఈ నిషేధం అమలులోనే ఉంది. 1971లో దీనిని పాక్షికంగా సడలించారు.

రేడియోలో నిషేధం ఉన్న కాలంలో కూడా తెలుగు నాటకశాలల్లో హార్మోనియం మ్రోగుతూనే ఉంది. పద్యగాయకులు ఆ మెట్లను ఆసరాగా చేసుకొని, వాటి నడుమ ఉన్న రాగాన్ని తమ గొంతుతో పూరించుకున్నారు. వాద్యం చూపలేని దానిని గొంతు చూపింది.

ఈ రెండు సందర్భాల మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. హార్మోనియం గొంతుకు పక్కన ఉంటుంది. గాయకుడు దానితో విభేదించవచ్చు, రెండూ వేర్వేరుగా వినబడతాయి. శ్రుతి సవరణ గొంతు లోపలే పనిచేస్తుంది. రికార్డు బయటకు వచ్చేసరికి గాయకుడు పలికినది ఏది, యంత్రం జరిపినది ఏది అనే గుర్తు మిగలదు.

వాదోపవాదాలు

సవరణను సమర్థించేవారు ఈ క్రింది అంశాలను చెబుతారు.

* భావం చక్కగా పలికిన ఒక పాటను, ఒకే ఒక్క స్వరం కోసం పారవేయవలసిన అవసరం ఉండదు. అలసిన గొంతుతో ఇరవైసార్లు పాడించడం కంటే ఇది మేలు.
* స్టూడియో సమయం, ఖర్చు తగ్గుతాయి. చిన్న ఊళ్ళలోని కళాకారులు కూడా తక్కువ పెట్టుబడితో పాటలు విడుదల చేయగలుగుతారు.
* మైకు, ప్రతిధ్వని, ముక్కలు అతికించడం వంటివి కూడా సహజమైనవి కావు. సవరణ వాటి కొనసాగింపే.

విమర్శకుల వాదన ఇలా ఉంటుంది.

* ఒక గొంతును మరో గొంతు నుండి వేరుచేసే చిన్న చిన్న వంపులు పోయి, గొంతులన్నీ ఒకేలా వినిపిస్తాయి.
* శ్రుతి కోసం సాధన చేయవలసిన అవసరం తగ్గుతుంది. రూపాన్ని బట్టి, పేరును బట్టి గాయకులను ఎంచుకోవడానికి వీలవుతుంది.
* సంగీతం నేర్చుకునే పిల్లలు రికార్డును ప్రమాణంగా తీసుకుంటారు. ఏ మనిషీ పాడని నిశ్చలమైన స్వరంతో తమ గొంతును పోల్చుకొని, తమలో లోపముందని నిరుత్సాహపడే ప్రమాదం ఉంది.

చివరి అంశం విద్యార్థులకు సంబంధించినంతవరకు ముఖ్యమైనది. శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను భావించే సంప్రదాయంలో, శ్రుతి కుదరడం అనేది తంబురాను వింటూ సంవత్సరాల తరబడి అలవరచుకునే శక్తి. అది వినికిడికి చేసే సాధన కూడా. తెరపై గీతను చూసి దిద్దడం ఫలితాన్ని ఇస్తుందే గాని, ఆ వినికిడిని ఇవ్వదు.

పాటల పోటీలు

పాడినవారి ప్రతిభను తీర్పు చెప్పవలసిన చోట సవరణ వాడితే అది న్యాయానికి సంబంధించిన సమస్య అవుతుంది. 2010లో బ్రిటనులోని ఎక్స్ ఫ్యాక్టర్ పోటీలో ఎంపిక దశ ప్రసారాలలో గొంతులను సవరించారని బయటపడి వివాదమైంది. తరువాతి ప్రసారాలలో దాని వాడకాన్ని ఆపారు.

తెలుగులో 1996లో ఈటీవీలో ప్రారంభమైన పాడుతా తీయగా కార్యక్రమం, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో, వాద్యబృందం ఎదుట పిల్లలు, యువకులు పాడే వేదికగా పేరుపొందింది. పాట అయిన వెంటనే ఏ సంగతి దగ్గర శ్రుతి తగ్గిందో ఆయన మెత్తగా చెప్పడం ఈ కార్యక్రమపు ప్రత్యేకతగా ఉండేది. అటువంటి వ్యాఖ్యకు విలువ ఉండాలంటే, వినేవారికి చేరే గొంతు పాడినవారి గొంతే అయి ఉండాలి.

కృత్రిమ మేధతో వచ్చిన మార్పు

శ్రుతి సవరణలో కనీసం ఒక మనిషి పాడి ఉండాలి. 2020ల నుండి ఒకరు పాడిన పాటను మరొకరి గొంతులోకి మార్చే కృత్రిమ మేధ సాధనాలు వాడుకలోకి వచ్చాయి. దీనితో సమస్య స్వరం నుండి గొంతు హక్కుకు మారింది.

2020 సెప్టెంబరు 25న మరణించిన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గొంతును 2023లో విడుదలైన కీడా కోలా అనే తెలుగు చిత్రంలో కృత్రిమ మేధతో పునఃసృష్టించారని, అందుకు కుటుంబం అనుమతి తీసుకోలేదని ఆయన కుమారుడు ఎస్.పి.చరణ్ లీగల్ నోటీసు పంపాడు. ఈ విషయం 2024లో పత్రికలలో చర్చకు వచ్చింది. అదే సంవత్సరం విడుదలైన లాల్ సలాం అనే తమిళ చిత్రంలో ఎ.ఆర్.రెహమాన్ కీర్తిశేషులైన ఇద్దరు గాయకుల గొంతులను ఇదే విధంగా వాడాడు. కుటుంబాల అనుమతి తీసుకొని, పారితోషికం కూడా చెల్లించినట్లు ఆయన తెలిపాడు.

వినికిడిలో గుర్తించడం

చేయి తిరిగిన రికార్డిస్టు చేసిన సవరణను చెవితో పట్టుకోవడం కష్టం. ఎక్కువ మోతాదులో చేసినప్పుడు మాత్రం కొన్ని గుర్తులు కనిపిస్తాయి.

* స్వరం నుండి స్వరానికి వెళ్ళేటప్పుడు జారుడు లేకుండా ఒక్కసారిగా దూకడం.
* పొడవుగా పట్టిన స్వరం గీత గీసినట్లు కదలకుండా ఉండడం.
* సంగతులు, విరుపులు ఉన్నచోట గొంతు గరగరమనడం లేదా చిట్లినట్లు వినబడడం.
* కచేరీలో లేదా ముఖాముఖిలో పాడినప్పుడు అదే గాయకుని గొంతు గుర్తుపట్టలేనంత వేరుగా ఉండడం.

వీటిలో ఏ ఒక్కటీ స్వయంగా రుజువు కాదు. సహజంగానే చాలా కచ్చితమైన శ్రుతితో పాడే గాయకులు ఉన్నారు. అనుమానం వచ్చినప్పుడు అదే గాయకుడు తంబురా లేదా హార్మోనియం మాత్రమే తోడుగా పాడిన రికార్డింగును వినడం మంచి పద్ధతి.

సామాన్యుల వాడకం

2009లో స్మ్యూల్ సంస్థ టి-పెయిన్ పేరుతో ఐఫోనుకు ఒక అప్లికేషను విడుదల చేసింది. దీనితో స్టూడియో పరికరం జేబులోకి వచ్చింది. ఆ తరువాత వచ్చిన కరవోకే అప్లికేషన్లలో స్వరాన్ని సరిదిద్దే సౌకర్యం మామూలైంది. తెలుగు రాష్ట్రాలలోని వారు, విదేశాలలోని వారు వేర్వేరు ఇళ్ళ నుండి పాత యుగళగీతాలను కలిసి పాడుకోవడానికి వీటిని వాడుతున్నారు. సరదాకు పాడుకునేవారికి ఇది ధైర్యాన్ని ఇస్తుంది. సంగీతం నేర్చుకునేవారు మాత్రం సాధన సమయంలో ఈ సౌకర్యాన్ని ఆపి, తమ గొంతును ఉన్నదున్నట్లు వినడం ఉపయోగకరం.

ఇవి కూడా చూడండి

* గమకం
* హార్మోనియం
* తంబురా
* నేపథ్య గానం
* పద్యనాటకం
* మైలవరం